పెరటి వడ్రంగం షెడ్డుకు పది వేల లోపు డస్ట్ కలెక్టర్: ఒక రైస్ మిల్లు ఫిట్టర్ లెక్క

అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి మీరు అడిగింది ఇదీ. ఇంటి వెనక 10×16 అడుగుల రేకుల షెడ్డు, అందులో చిన్న టేబుల్ సా (బల్ల రంపం), చేతి శాండర్ (కర్ర నునుపు చేసే మిషన్), రౌటర్ (గాళ్లు తొలిచే మిషన్). సాయంత్రాలూ ఆదివారాలూ పని. పొట్టు వంటింటి దాకా వస్తోంది, అమ్మగారికి ఆయాసం ఉంది. వీడియోల్లో చూపించే డస్ట్ కలెక్టర్లు, అంటే పొట్టు లాగే యంత్రాలు, మన తాహతుకు మించినవి, చేతిలో ఉన్నది పన్నెండు వేలు. బకెట్ సైక్లోన్, అంటే గాలిని సుడి తిప్పి పొట్టుని కింద పడేసే బకెట్టో డ్రమ్మో, పనిచేస్తుందా? పీవీసీ పైపు వేస్తే కరెంటు పుట్టి పేలుతుందంటున్నారు, నిజమేనా?

పనిచేస్తుందండి. పేలదు. కానీ మీరు అడగకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, అమ్మగారి ఆయాసానికి సంబంధించినది అదే. ముందు అది చెప్పి తర్వాత డ్రమ్ము దగ్గరికి వస్తాను.

నేను మండపేట చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ఇరవై రెండేళ్లు ఫిట్టర్‌గా చేశాను. ఊకనీ తవుడునీ దుమ్మునీ గాలితో లాగడం, ఆ గాలిలోంచి మళ్లీ విడదీయడం, ఇదే నా ఉద్యోగంలో సగం. కర్రపని ఆ తర్వాత పట్టుకున్న పిచ్చి. మిల్లులో ఇంత చేసినవాణ్ని, ఇంట్లో మాత్రం మొదటి రెండేళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుని శాండింగ్ చేశాను. ఒక రాత్రి పని ఆపి అరగంట అయ్యాక కరెంటు పోయింది. అప్పటికే నేల ఊడ్చేశాను, షెడ్డు శుభ్రంగా ఉందనుకుంటున్నాను. తాళం కోసం ఫోన్ టార్చి వేశాను. ఆ వెలుతురు చారలో ధూళి ధనుర్మాసం పొద్దుటి మంచులా వేలాడుతోంది. కిందకి దిగడం లేదు, ఊరికే అలా తిరుగుతోంది. నేల మీద ఏమీ లేదు, ఉన్నదంతా నా ముక్కు ఎత్తులో ఉంది.

ఈ రాత్రే మీరూ చేసి చూడండి. ఒక పలక శాండింగ్ చేసి, అరగంట ఆగి, లైట్లు ఆర్పి టార్చి వేయండి. ఈ వ్యాపారంలో ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. కలెక్టర్ కట్టాక మళ్లీ ఇదే పరీక్ష పెట్టి చూసుకోవచ్చు.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. టేబుల్ సా కింద కుప్పపడే పొట్టు అంతకంటే పెద్దది, చీపురుకి దొరుకుతుంది, గొంతులోకి పోయినా దగ్గితే వచ్చేస్తుంది. 10 మైక్రాన్లకి తక్కువైనది తొందరగా కిందకి దిగదు, అందులో మరీ సన్నది గంటల తరబడి గాలిలో ఉంటుంది. 2.5కి తక్కువైనది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కర్ర ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. ఇంగ్లండులో హై వికోంబ్ అనే ఊరు కుర్చీలకీ ఫర్నిచర్‌కీ పేరు. అక్కడి కార్మికుల్లో అరుదైన ముక్కు క్యాన్సర్ ఎక్కువగా కనబడుతోందని 1960లలోనే డాక్టర్లు గమనించారు. రోజంతా, ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల సంగతి అది, ఆదివారం పనికి అంత భయపడనక్కర్లేదు. కానీ ఆయాసం ఉన్న మనిషి పక్క గదిలో ఉన్నప్పుడు ఏళ్లు లెక్కపెట్టే పని లేదు, ఒక సాయంత్రం చాలు.

మన కర్రలూ తక్కువవి కావు. టేకు ధూళికి కొందరికి చర్మం దురద పెట్టి ఎర్రగా తేలుతుంది. వేప కోస్తే ముక్కు మండి గొంతు చేదెక్కుతుంది. కొబ్బరి మాను కర్రలో సిలికా ఉంటుంది, రంపం పళ్లు తొందరగా మొద్దుబారేది అందుకే. ఇక ఎం.డి.ఎఫ్. అంటే పిండిని జిగురుతో గట్టిపరిచిన పలక. కోస్తే మళ్లీ పిండే అవుతుంది, ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. ఏ సైక్లోనూ ఆ సన్న ధూళిని పూర్తిగా పట్టలేదు. పది మైక్రాన్ల కిందకి వచ్చేసరికి చిన్న సైక్లోన్లు చేతులెత్తేస్తాయి, అది గాలితోపాటే వెళ్లి ఫిల్టర్‌లో పడాలి. చవక గుడ్డ సంచి ఫిల్టర్ అయితే ముతక పొట్టు ఆపి సన్నదాన్ని గదిలోకి చిమ్ముతుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి ముందుకన్నా పాడవుతుంది. వీడియోల్లో వాళ్లు వేలు పోసి నాణ్యమైన ఫిల్టర్లు పెట్టుకుంటారు, ఎందుకంటే వాళ్లది చలి దేశం. వేడి చేసుకున్న గాలిని బయటికి వదిలేస్తే హీటర్ బిల్లు వాచిపోతుంది. మనకి ఆ బాధ ఎక్కడిది? ఏడాదిలో పది నెలలు షెడ్డులో గాలి బయటికి పోతే బాగుండును అనుకునే ఊళ్లు మనవి. కాబట్టి లాగిన గాలిని గోడకి కన్నం పెట్టి బయటికి వదిలేయండి. మీ పన్నెండు వేలలో ఫిల్టర్ డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. డ్రమ్మూ మూతా అన్నీ దీని తర్వాతే.

అయితే బయట అంటే ఎక్కడ అన్నది చూసుకోవాలి. నేను మొదట పెట్టిన కన్నం పక్కవాళ్ల దండెం వైపు తెరుచుకుంది. రెండు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. మూడో వారం పక్కింటి పిన్నిగారు పిండి వడియాల చాప మా గుమ్మం ముందు పెట్టి, "ఇవి టేకు వడియాలు బాబూ, మీరే తినండి" అన్నారు. ఆ సాయంత్రమే పైపు తిప్పాను.

సైక్లోన్ అంటే మన వైపు ఎవరికైనా 1996 నవంబరు 6 గుర్తొస్తుంది, కొబ్బరితోటలు కూకటివేళ్లతో పడిపోయిన రోజు. యంత్రంలో సైక్లోన్ దానికి తమ్ముడే, కాకపోతే బుద్ధిమంతుడు. రైస్ మిల్లు పైకప్పు మీద గరాటులా, మొన కిందకి ఉన్న రేకు శంకువు ఒకటి కనిపిస్తుంది చూడండి, అదే. దుమ్ముతో నిండిన గాలి పక్కనుంచి అంచు వెంట లోపలికి దూరి సుడి తిరుగుతుంది. బరువైన కణాలు గోడకి కొట్టుకుని, ఊపు పోయి, జారి కింద పడతాయి. తేలికైన గాలి మధ్యలోంచి పైకి పోతుంది. ఈ శంకువులో తిరిగే భాగం అంటూ లేదు. ఎక్కువగా పాడయ్యేది ఒకే చోట: అడుగున.

మిల్లులో ఆ అడుగున ఎయిర్ లాక్ వాల్వు ఉంటుంది, తవుడుని కిందకి వదిలి గాలిని లోపలికి రానివ్వనిది. దాని రబ్బరు అరిగితే కిందనుంచి గాలి లోపలికి చొరబడి, పడుతున్న తవుడుని మళ్లీ పైకి లేపుతుంది. ఒకసారి సీజన్ మధ్యలో మిల్లు వెనక వరండా అంతా తవుడు పూత పడింది. బ్లోయర్ విప్పి, పైపులు విప్పి, రోజంతా వెతికాం. తీరా చూస్తే అడుగు వాల్వులో వేలెడు రబ్బరు చినిగింది. మీ డ్రమ్ము మూతా అంతే. చిన్న సందు ఉన్నా పొట్టు డ్రమ్ములో ఆగదు, తిన్నగా వాక్యూమ్ ఫిల్టర్‌కి పోతుంది. "సైక్లోన్ పెట్టానండి, పనిచేయట్లేదు" అని అడిగేవాళ్లలో పదిమందికి తొమ్మిది మందిది మూత దోషమే.

ఇక కట్టడం. మీ బడ్జెట్‌కి తడి-పొడి వాక్యూమ్ క్లీనరే గాలి యంత్రం. 20 లీటర్లు దాటినది, వెనకాల గాలి ఊదే రంధ్రం విడిగా ఉన్నది చూసి కొనండి. ఆ రంధ్రానికి పైపు తగిలిస్తేనే గాలిని గోడ బయటికి తీయగలం, కొన్ని మోడళ్లలో అది ఉండదు. నాకు ఆరు వేలు పడింది. ధర ఊరూరా మారుతుంది.

డ్రమ్ము కోసం 20 లీటర్ల పెయింటు బకెట్ వాడమని వీడియోలన్నీ చెబుతాయి. నేనూ వాడాను. ఒకరోజు పాలిథిన్ కవర్ ముక్క ఒకటి పైపు మూతికి అంటుకుంది. లోపల గాలి ఖాళీ అయి బకెట్ 'ధబ్' మని, కాలి కింద పడ్డ కొబ్బరిపీచులా నొక్కుకుపోయింది. వాక్యూమ్ క్లీనర్ లాగే శక్తి చూడటానికి చిన్నదే, కానీ బకెట్ గోడ మొత్తం వైశాల్యం మీద అది వందల కిలోల బరువవుతుంది. అందుకని గోడ మందంగా ఉన్న 50 లేదా 60 లీటర్ల నీలం డ్రమ్ము తీసుకోండి, మూత చుట్టూ ఇనుప పట్టీ, లీవరు ఉన్నది. భీమవరం, పాలకొల్లు వైపు చెరువుల మందులు, ఇతర రసాయనాలు వచ్చిన ఖాళీ డ్రమ్ములు పాత సామాన్ల కొట్లలో నాలుగైదు వందలకి దొరుకుతాయి. ముందు ఏముండేదో అడిగి, లేబుల్ చదివి, ఘాటు వాసన ఉంటే వదిలేయండి. తెచ్చాక సబ్బు నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి.

రేకు సైక్లోన్ చేయించకుండా మూతలోనే సుడి తిప్పే పద్ధతి ఒకటుంది. ఫిల్ థీన్ అనే అమెరికా ఆయన కనిపెట్టింది, అందరూ థీన్ బాఫిల్ అంటారు.  12 మి.మీ. ప్లైవుడ్‌లో డ్రమ్ము లోపలి కొలతకి ఒక గుండ్రటి పలక కోయండి. దాని చుట్టుకొలతలో మూడింట రెండు వంతులు, అంటే 240 డిగ్రీల మేర, అంచుని 1⅛ అంగుళం లోపలికి తొలిచేయండి. మిగిలిన మూడో వంతు డ్రమ్ము గోడని తాకాలి. దీన్ని మూత కింద మూడు థ్రెడ్ రాడ్లతో (మర ఉన్న ఇనుప కడ్డీలు) వేలాడదీయాలి. మూతకీ పలకకీ మధ్య ఎడం లోపలికి వచ్చే ఎల్బో (వంపు తిరిగిన పైపు ముక్క) పట్టేంత ఉంటే చాలు. గాలి వచ్చే ఎల్బో మూతి గోడ వెంట తిరిగి ఉండాలి, గాలి గోడని రాసుకుంటూ పరుగెత్తాలి. బయటికి పోయే పైపు సరిగ్గా మధ్యలో, ఆ ఎడంలో సగం దాకా దిగాలి. తొలవని భాగం గాలి లోపలికి దూరే చోట ఉండాలి. ఇక్కడే చాలామంది తారుమారు చేస్తారు. గాలి దూరే చోటే సందు ఉంటే, కింద పడిన పొట్టుని ఆ గాలే మళ్లీ గీకి లేపుతుంది.

పలక ఉన్నచోటు దాకా పొట్టు నిండితే సైక్లోన్ పని ఆగిపోతుంది. డ్రమ్ము పక్కన నిలువుగా రెండంగుళాల వెడల్పు గాడి కోసి, పారదర్శకమైన అక్రిలిక్ ముక్క సిలికాన్‌తో అతికించండి. లోపల ఎంత ఉందో కనిపిస్తుంది. సుడి తిరగడం కూడా కనిపిస్తుంది. మొదటి వారం పని మానేసి అదే చూస్తూ కూర్చున్నాను, మా ఆవిడ ఏం సినిమా అని అడిగింది.

మూత అంచుకి తలుపులకి వేసే రబ్బరు ఫోమ్ టేపు రెండు వరసలు. పైపులు మూతలో దూరే చోట లోపలా బయటా సిలికాన్. ఆరాక అగరొత్తి వెలిగించి, మిషన్ వేసి, ప్రతి అతుకు దగ్గరా నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి గుంజుకుంటే అక్కడ సందు. మిల్లులో మేము చేసిందీ ఇదే, అక్కడ సాంబ్రాణి కడ్డీలు కట్టలు కట్టలు తెచ్చేవాళ్లం. పరీక్ష అయ్యాక ఒత్తి ఆర్పేసి, షెడ్డు బయట పడేయండి.

పైపుల కొట్టులో అడగాల్సినది పొలాల ఇంజన్లకి వేసే సక్షన్ పైపు. చుట్టూ గట్టి పీవీసీ మర ఉండి, లోపల నున్నగా ఉండేది, రెండంగుళాలది. వాక్యూమ్‌తో వచ్చే మెత్తటి పైపు కంటే ఇది నొక్కుకుపోదు, సగం ధర. పారదర్శకంగా ఉన్నదైతే ఎక్కడ అడ్డుపడిందో కనిపిస్తుంది. వాక్యూమ్ మూతికీ పీవీసీ పైపుకీ కొలత ఎప్పుడూ కలవదు. దానికి అడాప్టర్లు కొనకండి. మన రైతులు పైపు చివర ఎండుగడ్డి మంట మీద తిప్పి, మెత్తబడగానే ఇంకో పైపు దూర్చి మూతి వెడల్పు చేస్తారు చూశారా, అదే. మీరు హాట్ ఎయిర్ గన్‌తో, ఆరుబయట చేయండి. పీవీసీ మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి ఆమ్లం పోసినట్టే.

పైపు ఎంత పొడవుంటే గాలి అంత తగ్గుతుంది, అది అందరికీ తెలుసు. వెడల్పు తగ్గితే ఎంత నష్టమో చాలామందికి తెలియదు. వెడల్పు సగమైతే, అంతే గాలి పోవాలంటే లాగే బలం ముప్ఫై రెండు రెట్లు కావాలి. కాబట్టి వాక్యూమ్ ఒక చోట స్థిరంగా పెట్టి షెడ్డంతా పైపులు పరచకండి. డ్రమ్ముకీ వాక్యూమ్‌కీ ఒకే చక్రాల బండి చేసి, ఏ మిషన్ వాడుతుంటే దాని పక్కకి తోసుకోండి. గోడ బయటికి తీసే పైపు మాత్రం మూడంగుళాలకి పెంచండి. ఊదే వైపు వెడల్పైతే అడ్డు తగ్గుతుంది.

మీరు భయపడ్డ కరెంటు విషయం. ప్లాస్టిక్ పైపులో పొడి ధూళి రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది, నిజం. ఎండిన గాలి ఉన్న ఊళ్లలో చేతికి చురుక్కుమంటుంది. ఉప్పుకాలవ పక్కన బట్టలు రెండు రోజులైనా ఆరని చోట ఆ బాధ బహు తక్కువ. చిరాకు అనిపిస్తే పైపు చుట్టూ రాగి తీగ ఒకటి చుట్టి ఎర్తుకి కలపండి. ఇంటి షెడ్డులో వాడే పైపులో పేలుడుకి కావలసినంత ధూళి గాలిలో ఉండదు.

నిప్పు మాత్రం నిజమైన ప్రమాదం, అది వచ్చే దారి వేరు. మన దగ్గర మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు పాత టేకు దూలాలూ వాసాలూ చవకగా వస్తాయి, మీరూ కొంటారు. వాటిలో వంద ఏళ్ల మేకులు దాక్కుని ఉంటాయి. రంపం మేకుకి తగిలితే నిప్పురవ్వ తిన్నగా డ్రమ్ములోకి పోతుంది. అది అప్పుడే మండదు. పొట్టులో లోలోపల కుమిలి, మీరు అన్నం తిని పడుకున్నాక లేస్తుంది. మా షెడ్డులో ఒకసారి డ్రమ్ము పక్క తాకితే గోరువెచ్చగా ఉంది, తెరిస్తే మధ్యలో అరచేయంత నల్లటి గుంట. ఆ రోజు నుంచి పాత కర్ర కోసే ముందు పాడైన స్పీకర్‌లోని అయస్కాంతం దాని మీద తిప్పి చూస్తాను. మేకు తగిలిన రోజున డ్రమ్ము పెరట్లో బోర్లించి నీళ్లు చల్లాకే లోపలికి పోతాను. ఇనుము గ్రైండింగ్ చేసేటప్పుడు ఈ వాక్యూమ్ తగిలించకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఆ డ్రమ్ములో ఎప్పుడూ వేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.

మిషన్లలో ముందు శాండర్‌కి తగిలించండి. సన్న ధూళి పుట్టేది ఎక్కువ అక్కడే, దాని పొట్టు రంధ్రం చిన్నది కాబట్టి వాక్యూమ్‌కి సరిగ్గా సరిపోతుంది. దాని గుడ్డ సంచి తీసి అవతల పడేయండి. ఒక్క ఈ పనితో టార్చి పరీక్షలో సగం మంచు పోయింది నాకు. టేబుల్ సా కష్టమైనది. చిన్న సాలకి అడుగు తెరిచి ఉంటుంది. అడుగున వాలుగా ప్లైవుడ్ పలకలు బిగించి గరాటులా చేసి, దాని మూతికి పైపు పెట్టండి. పక్కల సందులు టేపుతో మూయండి, మోటారుకి గాలి ఆడే కన్నాలు మాత్రం వదలండి. అయినా బ్లేడు పైనుంచి మీ మొహం మీదకి కొంత చిమ్ముతుంది. దానికి బ్లేడు మీద గార్డుకి ఇంకో సన్న పైపు పెట్టాలి, లేదా మాస్కు. రౌటర్‌ని బల్లకి బిగించి వాడితే, కర్ర ఆనించే పట్టీ వెనక పెట్టె చేసి పైపు పెట్టండి. చేత్తో నడిపేటప్పుడు ఏం చేసినా సగమే దొరుకుతుంది.

వాక్యూమ్ మోటారు కార్బన్ బ్రష్షులది. గంటల తరబడి నడిపితే బ్రష్షులు అరిగి, వేడెక్కుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలకి ఒకసారి ఊపిరి పీల్చుకోనివ్వండి. చెవులకి మఫ్స్ పెట్టుకోండి, గోల ఎక్కువ.

కరెంటు లెక్క: వాక్యూమ్ 1400 వాట్లు అనుకుంటే ఆరు ఆంపియర్లు, టేబుల్ సా 1500 అయితే ఇంకో ఆరున్నర. ఒకే 16 ఆంపియర్ల సాకెట్ మీద పరిగెడతాయి, కానీ రెండూ ఒకేసారి మొదలైతే బ్రేకర్ పడిపోతుంది. సాయంత్రం ఓల్టేజి దిగినప్పుడు మరీను. ముందు వాక్యూమ్ వేసి, అది ఊపందుకున్నాక సా వేయండి. వీలైతే రెండిటికీ వేరు లైన్లు, రాగి తీగ 2.5 చదరపు మి.మీ.కి తగ్గకుండా. షెడ్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) లేకపోతే వాక్యూమ్ కంటే ముందు అది కొనండి, మన నేల ఏడాది పొడవునా తడే.

నా ఖర్చు: వాక్యూమ్ ఆరు వేలు, డ్రమ్ము ఐదు వందలు, సక్షన్ పైపు అయిదు మీటర్లకి ఏడు వందలు, పీవీసీ ముక్కలూ సిలికానూ ఫోమూ కలిపి ఎనిమిది వందలు, చక్రాలు మూడు వందలు. ప్లైవుడ్ నా దగ్గరి తుక్కే. ఎనిమిది వేల మూడు వందలు. మిగిలిన దాంట్లో పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ కిటికీలో బిగించండి, పైపు వదిలేసిన ధూళిని అది తీసుకుపోతుంది. పని ఆపాక అరగంట నడవనివ్వండి. ఫ్యాన్ లాగితే షెడ్డులోకి కొత్త గాలి రావాలి. అది వంటింటి తలుపు లోంచి కాకుండా తోట వైపు నుంచి రావాలి. ఇంటివైపు తలుపు మూసి ఉంచండి.

ఇంకో వెయ్యి మాస్కుకి. తువ్వాలు ముతక పొట్టుని ఆపుతుంది, సన్నదాన్ని ఆపదు. ఎన్95 వాడండి, ముక్కు దగ్గర సందు లేకుండా నొక్కుకుని. గడ్డం పెంచితే ఏ మాస్కూ అతకదు. పైన చెప్పినవన్నీ చేసినా మాస్కు తీయకండి.

పెద్దది కావాలనుకునేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. రందా మిషన్ (కర్రకి చిత్రిక పట్టేది) కొన్నరోజున వాక్యూమ్ చాలదు, నాలుగంగుళాల పైపూ బ్లోయరూ (గాలి లాగే పెద్ద ఫ్యాన్) కావాలి. నాలుగంగుళాల పైపులో పొట్టు కింద పేరుకోకుండా పరుగెత్తాలంటే నిమిషానికి నాలుగు వేల అడుగుల వేగం, అంటే నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావాలి. రైస్ మిల్లులకి పని చేసే రేకు షాపులో పది అంగుళాల సైక్లోన్ చేయించండి: పై డబ్బా పది అంగుళాల ఎత్తు, శంకువు ముప్ఫై, గాలి దూరే నోరు 5×2½, పైకి పోయే పైపు ఐదు. ఆ నోటి వైశాల్యం నాలుగంగుళాల పైపుకి సరిపోతుంది. లెక్క ప్రకారం అడుగు కన్నం రెండున్నర అంగుళాలు రావాలి, కానీ అది దుమ్ముకి. రందా మిషన్ చుట్టలు అందులో ఇరుక్కుంటాయి, ఐదు పెట్టమనండి. మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి, పైపు చీలే చోట T ఆకారం ముక్క బదులు Y ఆకారం ముక్క.

భీమవరం వైపు చెరువుల ఏరేటర్ల (నీళ్లకి గాలి కలిపే యంత్రాలు) పాత మోటార్లు చవకగా వస్తాయని ఆశపడకండి. ఒకటి కొని దెబ్బతిన్నాను. చాలావరకు అవి త్రీ ఫేజ్, మీ ఇంటికి సింగిల్ ఫేజ్. పైగా నిమిషానికి 1440 చుట్లు తిరిగేవి, చిన్న బ్లోయర్ చక్రానికి 2880 కావాలి. అన్నీ కుదిరి బ్లోయర్ పెట్టినా పైపు తగిలించకుండా ఊరికే తిప్పి చూడకండి. మూతి మూస్తే మోటారు మీద బరువు పెరుగుతుందనుకుంటాం, నిజానికి తెరిచి వదిలేస్తేనే ఎక్కువ గాలి తోసి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది.

డ్రమ్ములో పడ్డదాన్ని ఏం చేయాలని అడగలేదు గానీ అడుగుతారు. వేప, మామిడి, పనస పొట్టు అయితే పశువుల పాకలో పరచవచ్చు, తడి పీల్చుకుంటుంది. టేకూ, ప్లైవుడ్డూ, ఎం.డి.ఎఫ్. కలిసినది పశువుల దగ్గరా పొయ్యిలోనూ వద్దు. నేను రెండు డ్రమ్ములు పెట్టుకుని కర్రను బట్టి మారుస్తాను. వానాకాలంలో వారానికి రెండుసార్లు ఖాళీ చేయండి, మన తేమకి అడుగున ముద్దకట్టి బూజు పడుతుంది. ఆ బూజూ ఆయాసానికి మంచిది కాదు.

మీ షెడ్డుకి ఏ గోడ ఖాళీగా ఉందో రాయలేదు. పడమటి గోడ అయితే పైపు చివర కిందకి వంచి వల బిగించండి. జూన్ వానంతా అటునుంచే కొడుతుంది, వల లేకపోతే బల్లులు కాపురం పెడతాయి. మిగతా మూడు వైపుల్లో ఏదైనా సరే, దండెమూ నుయ్యీ వడ్ల కళ్లమూ లేని వైపు చూసుకుని, ఫోటో పెట్టండి.